సిజేరియన్ కుట్టు దగ్గర గుంట: తప్పు ఎవరిది, తరువాతి కాన్పు ఎట్లా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. రెండున్నరేళ్ల క్రితం బాబు పుట్టాడు. ఒక పగలు, ఒక రాత్రి నొప్పులు పడ్డాక, గర్భాశయ ద్వారం పూర్తిగా తెరుచుకున్నా బిడ్డ కిందికి దిగడం లేదని పెద్దాపరేషన్ చేశారు. బాబుకు పది నెలలు నిండాక నెలసరి మొదలైంది. అప్పటి నుంచి ప్రతి నెలా నాలుగు రోజులకు ముట్టు ఆగినట్టే ఆగి, ఆ తరువాత ఐదారు రోజులు కాఫీ రంగు మరక కనిపిస్తున్నది. రెండో బిడ్డ కోసం ఎనిమిది నెలలుగా చూస్తున్నాం, నిలవలేదు. హన్మకొండలో స్కానింగ్ చేయిస్తే పాత కుట్టు దగ్గర 5 మి.మీ. లోతు గుంట ఉందని, అక్కడ మిగిలిన కండరం మందం 3.2 మి.మీ. అని, గర్భసంచి వెనక్కి వంగి ఉందని రాశారు. ఒక డాక్టరు లాప్రోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) సరిచేయాలన్నారు. ఇంకొకరు రెండో కాన్పు కాగానే గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందన్నారు. బాలింతగా ఉన్నప్పుడు నీళ్ల బిందెలు ఎత్తినందుకే కుట్లు ఊడాయని మా అత్తమ్మ అంటున్నారు. నిజమేనా? మళ్లీ గర్భం వస్తే గర్భసంచి పగులుతుందా? మా చెల్లెకు ఇప్పుడు ఏడో నెల. ఆమెను హుజూరాబాద్‌లో ఇచ్చాం. వాళ్లింట్లో మంచి ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించాలనుకుంటున్నారు. ఆమెకు ఇట్లా కాకుండా ఏం జాగ్రత్త తీసుకోవాలి?
— ఒక సోదరి, హన్మకొండ జిల్లా

సమాధానం: ముందుగా బిందెల సంగతి తేల్చేద్దాం. మీరు బరువులు ఎత్తినందువల్ల ఈ గుంట రాలేదు. పథ్యం తప్పినందువల్ల గానీ, చన్నీళ్లు తాగినందువల్ల గానీ, త్వరగా లేచి తిరిగినందువల్ల గానీ గర్భసంచి మీది కోత ఇట్లా గుంటపడదు. పైన పొట్ట మీద కనిపించే కుట్లు వేరు, లోపల గర్భసంచికి వేసిన కుట్లు వేరు. బాలింత బరువులు ఎత్తకూడదని మేము చెప్పేది పొట్టగోడ నొప్పి గురించి, హెర్నియా గురించి, ఆమెకు దొరకవలసిన విశ్రాంతి గురించి. పైగా మీ కుట్లు ఊడలేదు. కోత మానింది, కానీ లోపలి వైపున నిండుగా కాకుండా కొంచెం గుంటపడి మానింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉన్నది. మీ అత్తమ్మగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించినా మంచిదే.

మీ రిపోర్టులో దీనిని ‘నిష్’ అనో ‘ఇస్త్‌మోసీల్’ అనో రాసి ఉంటారు. సిజేరియన్ కోత పడిన చోట గర్భసంచి గోడలో లోపలి నుంచి కనీసం 2 మి.మీ. లోతు పల్లం ఉంటే దానిని ‘నిష్’ అనాలని ఐరోపా నిపుణులు 2019లో ఒక అంగీకారానికి వచ్చారు. నెలసరి రక్తం బయటికి పోయే దారిలో, గర్భాశయ ద్వారానికి కాస్త పైన ఈ పల్లం ఉంటుంది. వాన వెలిశాక కూడా చెలకలో లోతట్టున నీళ్లు నిలిచినట్టు, ముట్టు ఆగిన తరువాత కూడా కొంత రక్తం అక్కడ నిలిచి, రోజులు గడిచేకొద్దీ రంగు మారి, కొద్దికొద్దిగా జారుతూ ఉంటుంది. పల్లం చుట్టూ ఉన్న కండరం బలహీనంగా ఉండడం వల్ల ఆ రక్తాన్ని గట్టిగా బయటికి నెట్టలేదు. ఆ మచ్చలో కొత్తగా ఏర్పడిన సున్నితమైన రక్తనాళాల నుంచి కూడా కొంచెం రక్తం ఊరుతుంది. మీరు రాసిన కాఫీ రంగు మరకకు ఇది సరిపోయే కారణమే. కొందరిలో నెలసరి నొప్పి పెరగడం, పొత్తికడుపులో లాగినట్టు ఉండడం, కలయిక సమయంలో నొప్పి కూడా ఉంటాయి.

ఇది ఎంత మామూలుగా కనిపించే విషయమో చెప్తే మీ భయం సగం తగ్గుతుంది. స్వీడన్‌లో యోని ద్వారా స్కానింగ్ చేసి చూసిన ఒక పరిశీలనలో ఒక సిజేరియన్ అయిన వారిలో 100కు 61 మందికి, రెండు అయిన వారిలో 81 మందికి ఎంతో కొంత లోపం కనిపించింది. మూడు సిజేరియన్లు అయిన వారు ఆ పరిశీలనలో కొద్దిమందే అయినా, వారిలో ప్రతి ఒక్కరికీ కనిపించింది. వీరిలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. అంటే గుంట కనిపించినంత మాత్రాన అది జబ్బు కాదు. బాధ పెట్టినప్పుడో, మళ్లీ గర్భం విషయంలో అడ్డు వచ్చినప్పుడో మాత్రమే దానిని పట్టించుకోవాలి. స్కానింగ్ బొమ్మకు వైద్యం చేయకూడదు, మనిషికి చేయాలి.

ఇక కారణాలు. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసిన ఒక మాట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది: ‘గర్భాశయ ద్వారం పూర్తిగా తెరుచుకున్నాక’ ఆపరేషన్ జరిగిందన్నారు. నొప్పులు రాకముందు చేసే సిజేరియన్‌లో గర్భసంచి కింది భాగం, గర్భాశయ ద్వారం విడివిడిగా గుర్తుపట్టేట్టు ఉంటాయి. గంటల తరబడి నొప్పులు సాగి ద్వారం 10 సెం.మీ. తెరుచుకున్నాక ఆ ద్వారపు కండరం సాగి, పలచబడి, పైకి లాక్కుపోయి గర్భసంచి కింది భాగంతో కలిసిపోతుంది. అప్పుడు డాక్టరు ఎప్పటిలాగా మూత్రాశయానికి దగ్గరగా, అలవాటైన చోటనే కోత పెడితే, అది గర్భసంచి మీద కాకుండా గర్భాశయ ద్వారపు కణజాలం మీద పడే అవకాశం ఎక్కువ. ఆ కణజాలంలో జిగురు స్రవించే గ్రంథులు ఉంటాయి. కుట్టు వేసిన తరువాత కూడా అవి స్రవిస్తూనే ఉండడం వల్ల కోత రెండు అంచులు సరిగ్గా అతుక్కోవు. కాన్పు తరువాత గర్భసంచి ముడుచుకున్నాక ఆ చోటు ఇంకా కిందికి, నెలసరి దారిలోకి చేరుతుంది.

ద్వారం 5 సెం.మీ. లేక అంతకంటే ఎక్కువ తెరుచుకున్న దశలో సిజేరియన్ జరిగిన స్త్రీలలో పెద్ద గుంటలు ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమని భావిస్తున్నారు. దీనిని నేరుగా పరీక్షించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. నొప్పుల మధ్యలో ఆపరేషన్ అవసరమైన 114 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మూత్రాశయం గర్భసంచికి అంటుకునే మడత కంటే 2 సెం.మీ. పైన, రెండో జట్టుకు 2 సెం.మీ. కింద కోత పెట్టారు. తరువాత స్కానింగ్‌లో చూస్తే, పైన కోత పెట్టిన వారిలో 100కు 7 మందికి, కింద పెట్టిన వారిలో 41 మందికి పెద్ద లోపాలు కనిపించాయి. ఇది చాలా స్పష్టమైన తేడా. అయితే కోతను మరీ పైకి తీసుకుపోతే మందమైన పై కండరం తెగి, తరువాతి గర్భంలో అది పగిలే ప్రమాదం పెరుగుతుంది. అందువల్ల ఎంత పైకి వెళ్లాలన్నది ఆపరేషన్ బల్ల దగ్గర, ఆ గర్భసంచిని కళ్లారా చూసి తీసుకోవలసిన నిర్ణయం.

కుట్టే పద్ధతి గురించి డాక్టర్లలో ఏళ్ల తరబడి వాదం ఉన్నది. ఒక వరస కుట్టు చాలునా, రెండు వరసలు వేయాలా అన్నది ఆ వాదం. రెండు వరసలైతే గోడ మందంగా మానుతుందని చిన్న అధ్యయనాలు కొన్ని చెప్పాయి. కానీ నెదర్లాండ్స్‌లో 2,292 మంది మీద జరిగి 2021లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో నెలసరి తరువాతి మరక విషయంలో ఒక వరసకు, రెండు వరసలకు తేడా కనిపించలేదు. అందుకే వరసల లెక్క కన్నా, కుట్టును ఎట్లా వేశారన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. ప్రతి కుట్టుకూ మెలిక వేసి బిగించుకుంటూ పోయే పద్ధతిలో రక్తం త్వరగా ఆగుతుంది గానీ, మరీ బిగిస్తే అంచులకు రక్తప్రసరణ తగ్గి కణజాలం పలచబడుతుంది. మెలిక లేకుండా, అంచుకు అంచు కలిసేట్టు, కండరం మొత్తం మందాన్ని పట్టుకుంటూ, అవసరమైనంత బిగువుతో వేయడం మంచిది. లోపలి పొరను కుట్టులో కలపాలా వద్దా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మిగిలిన కారణాలు మీ శరీరానికి సంబంధించినవి. మీ గర్భసంచి వెనక్కి వంగి ఉందన్నారు. అట్లాంటి వారిలో కోత ఉన్న ముందుగోడ మీద లాగుడు ఎక్కువై గుంటలు పెద్దవిగా కనిపిస్తాయి. ఆపరేషన్ తరువాత గర్భసంచి పొట్టగోడకు అతుక్కుంటే ఆ అతుకులు కూడా కోత అంచులను వేరువేరు దిక్కులకు లాగుతాయి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ రావడం, బరువు ఎక్కువగా ఉండడం, కాన్పు సమయంలో ఇన్ఫెక్షన్ సోకడం కూడా గుంటతో ముడిపడి ఉన్నట్టు అధ్యయనాలు చూపాయి. సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుందని పైన చెప్పాను.

అయితే తప్పు ఆపరేషన్ చేసిన డాక్టరుదా? ఆ రాత్రి ఏం జరిగిందో చూడకుండా నేను అట్లా అనలేను. పూర్తిగా తెరుచుకున్న ద్వారం, ఇరుక్కున్న తల, అలసిపోయిన తల్లి, బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గుతుందేమోనన్న భయం, ఇన్నింటి మధ్య నిమిషాల్లో చేయవలసిన ఆపరేషన్ అది. అన్నిట్లోకీ కష్టమైన సిజేరియన్ అదేనని ఏ డాక్టరును అడిగినా చెప్తారు. తప్పు వెతకడం కన్నా మీకు పనికి వచ్చేది ఆనాటి ఆపరేషన్ కాగితం. కోత ఎక్కడ పెట్టారు, అది పక్కకు చీలిందా, ఎన్ని వరసలు కుట్టారు, రక్తం ఎంత పోయిందన్న వివరాలు ఆపరేషన్ నోట్స్‌లో ఉండాలి. డిశ్చార్జి కాగితంలో ఇవన్నీ సాధారణంగా రాయరు, కాబట్టి ఆపరేషన్ నోట్స్ అని ప్రత్యేకంగా అడగండి. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డును 3 సంవత్సరాలు దాచాలి, రోగి అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలి. మీకు ఇప్పటికే రెండున్నరేళ్లు దాటాయి. కనుక వచ్చే వారమే వెళ్లి, రాతపూర్వకంగా అడిగి, నకలు తీసుకోండి.

ఇప్పుడు మీ రిపోర్టు చూద్దాం. 5 మి.మీ. లోతు కన్నా, మిగిలిన కండరం మందం 3.2 మి.మీ. అన్న అంకె ముఖ్యం. వైద్యం ఏ దారిన పోవాలన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది. సాధారణంగా 3 మి.మీ.ను గీతగా పెట్టుకుంటాం. మీరు ఆ గీతకు కొంచెం పైన ఉన్నారు. అంత దగ్గరగా ఉన్నప్పుడు ఒక్క కొలతను నమ్ముకుని ఆపరేషన్ నిర్ణయించకూడదు, ఎందుకంటే కొలిచే మనిషి, కొలిచే కోణం మారితే అర మిల్లీమీటరు అటూ ఇటూ కావడం మామూలే. పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్ దీనికి చాలదు, యోని ద్వారా చేయాలి. మరక కనిపిస్తున్న రోజుల్లో చేయిస్తే గుంటలో ద్రవం నిలిచి ఉండి అంచులు స్పష్టంగా తెలుస్తాయి. ఇంకా అనుమానం ఉంటే గర్భసంచిలోకి సన్నని గొట్టంతో కొద్దిగా సెలైన్ ఎక్కించి చూసే పరీక్ష ఉన్నది. రిపోర్టులో గుంట లోతు, పొడవు, అడ్డం, మిగిలిన కండరం మందం, పక్కనున్న మామూలు కండరం మందం, మూత్రాశయానికి ఎంత దూరం అన్నవన్నీ రాయమని అడగండి. ‘స్కార్ (కుట్టు మచ్చ) పలచగా ఉంది’ అన్న ఒక్క ముక్క రాసి ఇస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు.

ఈలోగా మరకకు వేరే కారణాలు లేవని కూడా తేల్చుకోవాలి. గర్భసంచిలో పాలిప్ (చిన్న కండ పెరగడం), గర్భాశయ ద్వారం దగ్గర ఇన్ఫెక్షన్, థైరాయిడ్ తేడాలు కూడా ఇట్లాగే మరకను చూపుతాయి. ఇంతవరకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకోకపోతే, డాక్టరు లోపల చూసేటప్పుడే అదీ చేయించుకోండి. నెలసరి తేదీ దాటితే ముందు మూత్రపరీక్షతో గర్భం ఉందేమో చూసుకోండి. గర్భం వచ్చిన తొలి రోజుల మరకను పాత మరకే అనుకుని వదిలేయకూడదు.

రెండో బిడ్డ నిలవకపోవడానికి గుంట కారణం కావచ్చు. అక్కడ నిలిచిన రక్తం, జిగురు గర్భసంచి లోపలికి ఎగదన్ని పిండం అతుక్కోవడానికి అడ్డుపడతాయని ఒక వివరణ. కానీ మీ వయసుకు ఏడాది ప్రయత్నించాకే ఆలస్యం అంటాం, మీకు ఎనిమిది నెలలే అయింది. పరీక్షలు మొదలుపెడితే మీ ఒక్కరితో ఆపకండి. మీవారి వీర్యపరీక్ష కూడా చేయించండి. మన దగ్గర మొదటి బిడ్డ ఉన్నాడు కదా అని భర్త పరీక్షను పక్కకు పెట్టి, భార్యకు మాత్రం ఆపరేషన్ దాకా తీసుకుపోవడం జరుగుతూనే ఉంటుంది.

వైద్యం మూడు రకాలు. పిల్లలు వద్దనుకున్న వారికి మరక మాత్రమే బాధ అయితే, గర్భనిరోధక మాత్రలు గానీ హార్మోన్ ఉన్న లూప్ గానీ సరిపోవచ్చు. బిడ్డ కోసం చూస్తున్న మీకు ఇది కుదరదు. రెండోది హిస్టెరోస్కోపీ. పొట్ట మీద కోత లేకుండా యోని ద్వారా కెమెరా పంపి, గుంట కింది అంచును చెక్కి, రక్తం నిలవకుండా దారి చేస్తారు. మిగిలిన కండరం కనీసం 3 మి.మీ. ఉన్నవారికే ఇది చేయాలి, అంతకన్నా పలచగా ఉంటే గోడకు చిల్లు పడి మూత్రాశయానికి దెబ్బ తగలవచ్చు. నెదర్లాండ్స్‌లో 103 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో ఈ పద్ధతితో మరక రోజులు నెలకు ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గాయి. ఇది గోడను మందం చేయదు, మరకను తగ్గిస్తుంది, అంతే. మూడోది లాప్రోస్కోపీ. పలచని భాగాన్ని కోసి తీసేసి మళ్లీ కుట్టడం వల్ల గోడ మందం పెరుగుతుంది, కానీ ఇది పెద్ద పని. తరువాత కొన్ని నెలలు గర్భం రాకుండా ఆగాలి, కొత్త కుట్టు కూడా కుట్టే. గోడ 3 మి.మీ. కంటే పలచగా ఉండి, మళ్లీ బిడ్డ కావాలనుకునే వారి విషయంలోనే దీని గురించి ఆలోచిస్తారు.

మీ అంకెలు చూస్తే నేను మీకు ఇప్పుడే లాప్రోస్కోపీ చెప్పను. కొలత మళ్లీ చేయించండి. ఏడాది నిండే దాకా ప్రయత్నించండి. మరక మరీ ఇబ్బంది పెడుతున్నా, ఏడాది తరువాతా గర్భం నిలవకపోయినా, గర్భసంచి లోపల ద్రవం నిలుస్తున్నదని స్కానింగ్‌లో కనిపించినా హిస్టెరోస్కోపీ గురించి మాట్లాడండి. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడకండి.

గర్భసంచి తీసేయమన్న సలహాను మాత్రం గట్టిగా కాదంటున్నాను. దేశంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకునే స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తున్నాయి. నడుము నొప్పికీ, తెల్లబట్టకూ, కాస్త మరకకూ గర్భసంచి తీయించుకుని, నలభై రాకముందే వేడి ఆవిర్లు, ఎముకల నొప్పులతో తిరిగే అక్కచెల్లెళ్లు మన పల్లెల్లో ప్రతి వాడలోనూ కనిపిస్తారు. అండాశయాలను ఉంచినా, గర్భసంచి తీసినప్పుడు అవి కొంత ముందుగానే పని ఆపవచ్చు. కుట్టు దగ్గరి గుంటకు 27 ఏళ్ల వయసులో అది వైద్యం కాదు.

మళ్లీ గర్భం వస్తే పగులుతుందా అన్నారు. ఒక సిజేరియన్ తరువాత నొప్పులతో మామూలు కాన్పుకు ప్రయత్నించిన వారిలో గర్భసంచి పగిలేది దాదాపు 200 మందిలో ఒకరికి. గుంట పెద్దదిగా ఉన్నవారిలో కొంత ఎక్కువ కావచ్చు గానీ, గర్భం లేనప్పుడు కొలిచిన ఏ అంకె కూడా ‘ఇంత ఉంటే పగులుతుంది’ అని కచ్చితంగా చెప్పలేదు. గత కాన్పుకూ వచ్చే కాన్పుకూ మధ్య 18 నెలల కన్నా తక్కువ ఉంటే ప్రమాదం పెరుగుతుంది. మీరు ఆ గడువు ఎప్పుడో దాటారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది వేరొకటి: పిండం ఆ గుంటలోనే అతుక్కోవడం. సుమారు 2,000 గర్భాల్లో ఒకటి అట్లా అవుతుందని అంచనా. దానిని త్వరగా కనిపెడితే సులువుగా వైద్యం చేయవచ్చు, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నెల తప్పగానే ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకోవడంతో సరిపెట్టకుండా, 6, 7 వారాల మధ్య యోని ద్వారా స్కానింగ్ చేయించి, ‘పిండం సంచి పాత కుట్టుకు దూరంగా ఉందా?’ అని సూటిగా అడగండి. ఆ స్కానింగ్ కాకముందే కడుపునొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే తెల్లవారే దాకా ఆగకండి.

ఐదో నెల స్కానింగ్‌లో మాయ ఎక్కడ ఉందో చూస్తారు. అది కిందుగా, ముందుగోడకు, పాత కుట్టు మీద ఉంటే గోడలోకి చొచ్చుకుపోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు కాన్పు చిన్న నర్సింగ్ హోంలో కాకుండా రక్తనిధి, మత్తు డాక్టరు, పెద్ద సర్జన్లు రాత్రీ పగలూ ఉండే చోట జరగాలి. వరంగల్‌లో ఎంజీఎం లాంటి బోధనాసుపత్రి అందుబాటులో ఉండడం మీకు మేలు. మాయ సరైన చోటనే ఉండి, అన్నీ బాగుంటే మామూలు కాన్పు అన్న మాట కొట్టిపారేయనవసరం లేదు. కానీ మొదటిసారి బిడ్డ దిగని కారణం, ఆపరేషన్ నోట్స్‌లో కోత వివరాలు, నెలలు నిండేటప్పుడు గర్భసంచి కింది భాగం మందం, ఇవన్నీ చూసి, వెంటనే ఆపరేషన్ చేయగల చోట మాత్రమే దానికి పూనుకోవాలి.

ఇక మీ చెల్లె సంగతి. మన రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 100 కాన్పుల్లో 60.7 సిజేరియన్లు. దేశమంతటి సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5కు చేరింది. జనాభా మొత్తం మీద చూస్తే 10 శాతం దాటిన తరువాత సిజేరియన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఇన్ని సిజేరియన్లకు ముహూర్తాలూ ఒక కారణమే. పంతులుగారు రాసిచ్చిన గంటకు బిడ్డ పుట్టాలని కోరడం ఇంట్లోవాళ్లకు ముద్దుగానే ఉంటుంది గానీ, కుట్టు మిగిలేది ఆ ఆడపిల్ల గర్భసంచి మీద. ఇప్పుడు మీరు పడుతున్న బాధంతా చెల్లె అత్తగారింట్లో చెప్పండి. నా మాట కన్నా మీ మాటకే అక్కడ బలం ఎక్కువ.

పైన నేను చెప్పిన దానిని పట్టుకుని ఒకరు ఎదురు ప్రశ్న వేయవచ్చు: ‘నొప్పుల చివర చేసిన ఆపరేషన్‌లోనే గుంట ఎక్కువ పడుతుంది కదా, అయితే నొప్పులు రాకముందే చేయిస్తే మేలు కాదా?’ అని. కాదు. మామూలు కాన్పు అయ్యే అవకాశం ఉన్న వందమందిని ముందే కోస్తే, చాలామందికి అసలు అవసరమే లేని కుట్టు మిగులుతుంది, తరువాతి ప్రతి గర్భానికీ ఆ భయం వెంట వస్తుంది. చివరి దశలో ఆపరేషన్ తప్పనిసరి అయినప్పుడు దానికి మందు కోతను కొంచెం పైన పెట్టడమే.

మీ చెల్లెకు ఇది మొదటి కాన్పు అయితే, ఆపరేషన్ ఎందుకో అర్థమయ్యేట్టు చెప్పమని డాక్టరును అడగాలి. మాయ ద్వారాన్ని కప్పి ఉండడం, బిడ్డ అడ్డంగా ఉండడం, గుండె కొట్టుకోవడంలో తేడా లాంటివి నిజమైన కారణాలు. మెడకు పేగు చుట్టుకుందని స్కానింగ్‌లో రాయడం ఒక్కటే కారణం కాదు. బిడ్డ కాళ్లు కిందికి ఉంటే 36, 37 వారాల దగ్గర బయటి నుంచి తిప్పి చూసే పద్ధతి ఉన్నది, అది తెలిసిన డాక్టరు దగ్గర దాని గురించి అడగవచ్చు. సన్న నొప్పులు రాగానే ఆసుపత్రిలో చేరి మంచం మీద పడుకుంటే, ‘నొప్పులు ముందుకు సాగడం లేదు’ అన్న మాట త్వరగా వస్తుంది. ద్వారం సుమారు 5 సెం.మీ. తెరుచుకునే దాకా కాన్పు అసలు వేగం అందుకోదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అప్పటి దాకా నడుస్తూ, తింటూ, తాగుతూ, తల్లిగారింటి నుంచి ఒక ధైర్యమున్న మనిషిని పక్కన పెట్టుకుని ఉండాలి. అయితే ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకూడదు.

అప్పటికీ ఆపరేషనే అవసరమైతే అదేమీ ఓటమి కాదు, చాలాసార్లు అది ప్రాణాలు కాపాడుతుంది. దానికి ముందుగా ఏడో నెల నుంచే చేయదగినవి ఉన్నాయి: షుగర్ పరీక్ష చేయించుకుని అదుపులో పెట్టుకోవడం, రక్తం తక్కువుంటే ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోవడం, మూత్రంలో గానీ యోనిలో గానీ ఇన్ఫెక్షన్ ఉంటే కాన్పుకు ముందే తగ్గించుకోవడం. కోత పెట్టే ముందే యాంటీబయాటిక్ ఇవ్వడం ఇప్పుడు అన్ని చోట్లా ఉండవలసిన పద్ధతి. మంచి డాక్టరుతో ముందే ఒక మాట అనుకోవచ్చు: ‘మా అక్కకు కుట్టు దగ్గర గుంట పడింది. నొప్పుల చివర ఆపరేషన్ అయితే కోత మరీ కిందికి పడకుండా చూస్తారా?’ అని అడగడంలో తప్పు లేదు, మర్యాదగా అడిగితే కోపగించుకునే వారు తక్కువ.

చెల్లెకు ఆపరేషన్ అయితే, ఇంటికి వచ్చే ముందు డిశ్చార్జి కాగితంతో పాటు ఆపరేషన్ నోట్స్ నకలు అడిగి తీసుకుని, మీ రెండు ఇళ్ల కాగితాలనూ పిల్లల టీకా కార్డులతో కలిపి దాచండి. ఆ తరువాత నెలసరి మొదలయ్యాక మూడు, నాలుగు నెలలు వరసగా మరక కనిపించినప్పుడే ఆమెకు కుట్టు స్కానింగ్ అవసరం. ఏ బాధా లేకపోతే ఊరికే గుంట కోసం వెతకడానికి స్కానింగ్ చేయించనవసరం లేదు. మళ్లీ గర్భం వస్తే మాత్రం, బాధ ఉన్నా లేకున్నా, 6, 7 వారాల స్కానింగ్ ఆమెకూ తప్పదు.